కడిగి చూపించిన పుండు

నవ్వండి, నవ్వండి. అమ్మకి చాదస్తం ముదిరింది, ఆస్పత్రికి స్నానం కూడా చెయ్యకుండా బయల్దేరింది అని ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు కదూ? అద్దంలో కనిపిస్తూనే ఉందిరా చిన్నోడా, నీ నవ్వు.

ఇంజను ఆపెయ్యవే పెద్దదానా. పిలవడానికి ఇంకా చాలా టైముంది. ఆఁ, తొందరపెట్టి బయల్దేరదీసింది నేనే. దారిలో ఇరుక్కుపోతే? బండి పెట్టుకోడానికి చోటు దొరక్కపోతే? సరేలే, ఎలాగూ వచ్చాం, కూర్చున్నాం. మీరెప్పుడూ వినని కథొకటుంది, అది వినండి.

చిన్నోడా, చెవుల్లోంచి అవి తియ్యి. ఇది అక్కకి ఒక్కదానికే చెప్పే మాట కాదు.

మీకు తెలిసిందేంటి? మీ చిన్నప్పుడు అమ్మకి పిత్తాశయంలో రాళ్లొచ్చాయి, ఆపరేషన్ చేసి తీసేశారు. అంతేగా? చిన్నోడా, నువ్వైతే ఆ రాళ్లు చూపిస్తేగానీ అన్నం తిననని పేచీ పెట్టావు. అప్పుడు మీ నాన్న ఏం చేశాడో తెలుసా? ఆస్పత్రి పార్కింగ్‌లో రెండు గులకరాళ్లు ఏరి, కడిగి, మందు డబ్బాలో పెట్టి పట్టుకొచ్చాడు. నువ్వు వాటిని బడికి తీసుకెళ్లి ఊరంతా చూపించావు. మీ టీచరు నన్ను చూసి, "అంతంత పెద్దవా! ఎలా ఓర్చుకున్నారండీ?" అంది.

అబద్ధంరా. నాకు రాళ్లూ లేవు, రప్పలూ లేవు.

నాకొచ్చింది రొమ్ము మీద. రొమ్ము మీద చర్మానికి. సరిగ్గా చెప్పాలంటే చనుమొనకి.

అదిగో, కిటికీ వైపు తిరిగేశాడు! ఇటు తిరుగు. ఆ మాటంటే అంత సిగ్గెందుకు నీకు? పళ్లొచ్చేదాకా దాన్ని పట్టుకు వేలాడినవాడివి నువ్వేగా! మగవాళ్లకి రాదనుకుంటున్నావేమో, వాళ్లకీ వస్తుందట. తక్కువే గానీ వస్తుందట. విను.

మొదట్లో ఏముంది? దురద. ఎడమవైపు ఒక్కచోటే. చలికాలం. ఇక్కడి చలికి చర్మం పగలనిదెవరికి? కొంచెం పొలుసులు రాలేవి. లోపలి బట్టకి చుక్కంత పసుపు మరక అంటేది. పట్టించుకోలేదు. మీ ఇద్దరికీ టిఫిన్లు కట్టి, బడికి దింపి, పనికి పరిగెత్తేదానికి చుక్కంత మరక ఒక లెక్కా?

తగ్గకపోయేసరికి వీధి చివర క్లినిక్కి వెళ్లాను. అక్కడో డాక్టరుండేవాడు. ఆయన కుర్చీకి చక్రాలుండేవి. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి దాని మీదే దొర్లేవాడు తప్ప, లేచి నిలబడగా నేను చూడలేదు. నా మనసులో ఆయనకి కుర్చీ డాక్టరని పేరు. టేబులు అవతల్నించే చూశాడు. "ఎగ్జిమా. ఈ ఆయింట్‌మెంట్ రాయండి," అన్నాడు. వెనక్కి దొర్లుకుంటూ వెళ్లిపోయాడు.

రాశాను. తగ్గింది.

అదేనమ్మా మోసం! తగ్గకపోతే మనిషికి అనుమానమైనా వచ్చేది. పైపైన ఎరుపు తగ్గేది, మందు మానేస్తే మళ్లీ లేచేది. మళ్లీ రాస్తే మళ్లీ తగ్గేది. ట్యూబు అయిపోతే ఇంకో ట్యూబు.

ఇక్కడే వినాలి మీరు. నేనప్పుడు పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేదాన్ని, గుర్తుందా? పనిముట్లు ఆవిరి పట్టించి సర్దడం, పేషెంట్ల నోట్లో నీళ్లు లాగే గొట్టం పట్టుకోవడం. ఆయన రోజూ వేసే జోకొకటుండేది. "చూశావా అమ్మా, ఏడాదంతా బ్రష్షు మొహం చూడనివాడు నా దగ్గరికొచ్చే రోజు మాత్రం చిగుళ్లు చిట్లేలా తోముకొస్తాడు. నోరు చూపించరా బాబూ అంటే ఫొటో దిగడానికి వచ్చినట్టొస్తారు!" నేనూ పకపకా నవ్వేదాన్ని.

మరి నేనేం చేసేదాన్ని?

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు పెందలాడే లేచి, గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టేదాన్ని. పెచ్చు మెత్తబడ్డాక దూదితో నెమ్మదిగా తీసేదాన్ని. మంట పుట్టేది, పళ్లు బిగబట్టేదాన్ని. రసి కారడం ఆగేదాకా మెత్తటి గుడ్డతో అద్ది, ఆయింట్‌మెంట్ పల్చగా రాసి, ఉతికిన బట్టలేసుకుని వెళ్లేదాన్ని. ఆ గదిలో బొత్తాలు విప్పేసరికి ఏం కనిపించేది? లేత గులాబీ రంగులో శుభ్రంగా, పసిపాప బుగ్గలా. పైన పటారం, లోన లొటారం!

ఎందుకలా చేశావంటావేంటే? ఒక పరాయి మనిషి ముందు బట్ట విప్పి చూపించాలి. మన ఊరు కాదు, మనవాళ్లు కాదు. "వీళ్లకి శుభ్రం తెలీదు" అని ఒక్క మాటంటే ఆ మాట నాతో పోదు, మీకు అంటుతుంది. మీ అమ్మమ్మ నన్ను పెంచిందీ అలాగే. చచ్చేంత జ్వరమొచ్చినా తల దువ్వి, బట్టలు మార్పించి మరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. "మనిషి ముందుకి మనిషిలా వెళ్లాలే," అనేది. మనిషిలాగే వెళ్లాను. పేషెంటులా వెళ్లలేదు.

తర్వాత కుర్చీ డాక్టరు నన్ను చర్మం డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ పెద్దావిడ, మంచావిడే. కాకపోతే ఆవిడకి ప్రపంచంలో ఏ రోగమొచ్చినా సబ్బు వల్లే వచ్చేది. "ఏం సబ్బు వాడతారు? బట్టలకేది? లోదుస్తులకి లేసు ఉందా?" అన్నీ మార్చేశాను. మీ ఇద్దరి బట్టలు కూడా ఆ వాసన లేని సబ్బుతోనే ఉతికేదాన్ని. నీ చొక్కాలు తెల్లబడటం లేదని అలిగేవాడివి చూడు, అందుకు.

ఒక ఫొటో కూడా తీయించారు. రొమ్ముని రెండు పలకల మధ్య అప్పడంలా నొక్కి తీసే ఫొటో. అందులో ఏమీ లేదన్నారు. మీ నాన్న ఆ సాయంత్రం కేకు పట్టుకొచ్చాడు. ఎవరి పుట్టినరోజని మీరడిగారు. "మీ అమ్మదే అనుకోండి," అన్నాడు. ఆ ఫొటోలో పడకుండా కూడా ఇది ఉండొచ్చని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. తర్వాత చెప్పారు. తర్వాత అందరూ అన్నీ చెప్పారు.

అప్పటికీ నాకు లోపల ఏదో గుచ్చుతూనే ఉండేది. "నాకెందుకో ఇది ఎగ్జిమా కాదనిపిస్తోందండీ," అన్నాను మీ నాన్నతో. "ఇద్దరు డాక్టర్లు చూశారు, ఫొటో బాగుంది, నీకు వాళ్లకంటే ఎక్కువ తెలుసా?" అన్నాడు. పాపం, ఆయన్నని ఏం లాభం! భయమేసిన మొగవాడు అలాగే అరుస్తాడు.

మళ్లీ చలికాలం వచ్చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం పనిలో ఉండగా ఫోనొచ్చింది. "చర్మం డాక్టరమ్మ సెలవులో ఉన్నారు, ఆవిడ బదులు ఇంకొకరు చూస్తున్నారు. ఎవరో రానన్నారు, ఆ టైము ఖాళీగా ఉంది. ఇప్పుడే రాగలరా?" అని. ఇప్పుడా! ఇంటికెళ్లి నానబెట్టుకుని, తుడుచుకుని వెళ్లే వ్యవధేదీ? "వద్దులెండి, మామూలుగా వచ్చే వారం వస్తాను," అందామని నోరు తెరిచాను. పక్కనున్న పళ్ల డాక్టరు, "వెళ్లమ్మా, నేను చూసుకుంటాలే," అని నా చేతిలోంచి గొట్టం లాగేసుకున్నాడు. లేకపోతే నిజంగా వద్దనేసేదాన్నే.

వెళ్లాను. అడ్డం పెట్టుకున్న గుడ్డ ఎండి పుండుకి అంటుకుపోయింది. ఆ కొత్త డాక్టరమ్మ చిన్నది, నీకంటే కొంచెం పెద్దదేమో. చేతులకి తొడుగులేసుకుని, ఉప్పునీళ్లతో తడిపి తడిపి గుడ్డ ఊడదీసింది. రక్తం చిమ్మింది. పెచ్చులు, రసి. మొన సగం లోపలికి లాక్కుపోయినట్టుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అంది.

"అయ్యో, లేదండీ! సారీ అండీ! పనిలోంచి తిన్నగా వచ్చాను, కడుక్కోలేకపోయాను. మామూలుగా చాలా శుభ్రంగా ఉంచుకుంటాను," అన్నాను.

విన్నావా? సారీ చెప్పాను! ఒంట్లో అంత పెట్టుకుని, దాన్ని కడగకుండా తెచ్చినందుకు సారీ!

"ఇదివరకు ప్రతిసారీ కడిగి, మందు రాసుకునే వచ్చేవారా?"

"అవునండీ."

ఆ పిల్ల చేతిలో తడి గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత, "అయితే దీన్ని ఇంతవరకూ మీరు తప్ప ఎవరూ చూడలేదన్నమాట," అంది.

చూడు, ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఏమీ కాలేదులే, ఆ కిటికీ అద్దం కొంచెం దించు చాలు.

తర్వాత రెండే అడిగింది. రెండోవైపు చూపించమంది. అటు ఏమీ లేదు. "మొదట మొన మీద మొదలైందా, చుట్టూ ఉన్న నల్లటి చోట మొదలైందా?" అంది. మొన మీదే. ఎగ్జిమా అయితే చాలామందికి రెండువైపులా ఉంటుందట, చుట్టూ మొదలై లోపలికి వస్తుందట. ఇది మొన మీద పుట్టి బయటికి పాకుతుందట. అంతే తేడా! ఆ మాట అడగడానికి ఎంతసేపు పడుతుంది? కుర్చీ ఒకసారి దొర్లినంతసేపు.

నేను కడగడం నేను చేశాను, ఒప్పుకుంటాను. నేను పేషెంటుని. పుండెలా ఉండాలో నాకెలా తెలుస్తుంది? వాళ్లకి తెలియాలిగా? "కడుక్కుని వచ్చావా?" అని ఒక్కళ్లైనా అడగాలిగా?

ఆ రోజే ముక్క తీసింది. తిమ్మిరెక్కే సూది వేసి, పెన్సిలంత గుండ్రటి కత్తితో మిరియపు గింజంత ముక్క. ఒక కుట్టు. దానికోసం అన్ని నెలలు తిరిగాను నేను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారంటే కోపం రాదూ?

పాజెట్ జబ్బట. ఎవరో పాతకాలపు డాక్టరు పేరట. చూడ్డానికి చర్మరోగంలా ఉంటుంది గానీ క్యాన్సరే. రొమ్ము క్యాన్సరొచ్చిన నూరుమందిలో ఏ ఒకరికో ముగ్గురికో ఇలా మొన మీద తేలుతుందట. కింద పాలనాళాల్లో కూడా ఉందన్నారు. ఒకచోట నాళం గోడ దాటిందన్నారు. "ఎప్పుడు దాటిందండీ?" అని అడిగాను. ఎవరు చెప్తారు? మొదటి ట్యూబప్పుడో, నాలుగో ట్యూబప్పుడో!

కుర్చీ డాక్టరు దగ్గరికి వెళ్లాను, తెలుసా? ఎవరూ వెళ్లమనలేదు. ఆయనకి తెలియాలనిపించింది. రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు. "చాలా అరుదండీ ఇది. నా సర్వీసులో ఇదే మొదటిది," అన్నాడు, నేనేదో అపురూపమైన వస్తువు తెచ్చిచ్చినట్టు. నువ్వు చూసింది మొదటిదయ్యా, వచ్చింది మొదటిదని నీకెవరు చెప్పారు? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. "థాంక్సండీ," అని వచ్చేశాను. చూశారా, అక్కడ కూడా మర్యాదే!

అప్పుడు నా భయమంతా మీ ఇద్దరి గురించే. ఇక్కడ మనకెవరున్నారు? మీ నాన్నకి మీ బూట్ల సైజు కూడా తెలీదు. పెద్దదానా, నీ జుట్టు నడుం దాకా ఉండేది. నేను లేకపోతే దీనికి జడెవరు వేస్తారు? అదొక్కటే పట్టుకుంది నన్ను. పాత తువ్వాలు మూడు పాయలుగా చింపి, కుర్చీ వీపుకి కట్టి మీ నాన్నకి నేర్పాను. "ఇంజనుకి బెల్టు బిగించడం ఇంతకంటే సులువే," అని సణుక్కుంటూ నేర్చుకున్నాడు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నువ్వు వంకర జడలతో బడికెళ్లి వచ్చి, "నాన్న నన్ను కోతిలా తయారుచేశాడు," అని ఫోన్లో ఏడ్చావు. నేను నవ్వాను. ఫోను పెట్టేశాక ఏం చేశానో నీకనవసరం.

మొన, దాని చుట్టూ నల్లటి చోటు, కింద కండ తీసేశారు. చంకలో ఒకటో రెండో గ్రంథులు తీసి చూశారు, వాటికి పాకలేదన్నారు. తర్వాత రోజూ రేడియేషన్. మీ అమ్మమ్మ మాటల్లో చెప్పాలంటే కరెంటు పెట్టడం. చర్మం ఎండలో వదిలేసిన వంకాయలా కమిలిపోయింది. తగ్గింది. బతికాను.

ఇప్పుడు మీ నాన్న నలుగురిలో ఎవరి జబ్బు మాటొచ్చినా, "ఏదైనా ముందే పట్టుకోవాలండీ," అంటాడు చూడు, అప్పుడు నేను వంటింట్లోకి ఎందుకు లేచిపోతానో తెలిసిందా? ముందేనట!

మీకెందుకు చెప్పలేదంటే... మీ అమ్మమ్మ ఫోన్లో ఒట్టు వేయించుకుంది. "పైకి చెప్పుకునే చోటా అది? గుండె జబ్బో, రాళ్లో అని చెప్పు. పిల్లలకి అసలొద్దు. మీ చెల్లెలికీ ఆపరేషనని మాత్రం చెప్పు, చాలు." సరేనన్నాను. మీ పిన్నికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకి ఈ రోజుకీ తెలీదు. మన ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఉందని డాక్టరు అడిగితే చెప్పాల్సినవాళ్లు. మనం ఒంటినే కాదమ్మా, మాటని కూడా కడిగి, మందు రాసి, పైన మంచి బట్టేసి చూపిస్తాం.

ఇక ఇవాళ్టి సంగతి. ఇవాళ ఏడాదికోసారి చేసే చెకప్ అని చెప్పాను కదా. కాదు.

రెండు నెలల కిందట అదే చోట, కరెంటు పెట్టిన చర్మం మీద, ఊదా రంగు మచ్చొకటి లేచింది. పెద్దదానా, మచ్చ కనపడేంతవరకే బట్ట జరిపి నీకు చూపిస్తే, "తలుపు గడియ తగిలించుకుని ఉంటావులే అమ్మా, నీకు చూసుకుని నడవడమేదీ," అన్నావు. తప్పు లేదు, చూడ్డానికి దెబ్బే. కానీ దెబ్బ పచ్చబడాలి కదా, ఇది పెద్దదైంది. పక్కన ఇంకోటి లేచింది.

నా ఆపరేషన్ చేసినాయన ఇప్పుడు ఇక్కడ లేడు. కొత్తాయన చూసి, "కమిలినట్టుంది. కొన్నాళ్లు ఆగి చూద్దాం," అన్నాడు. నవ్వొచ్చింది నాకు. "ముక్క తియ్యండి," అన్నాను. "అవసరం లేదేమోనండీ, అలాంటివి చాలా అరుదు," అన్నాడు. "నాకు అరుదైనవే వస్తాయండీ, అలవాటే. ముక్క తియ్యండి," అని కుర్చీలోంచి లేవలేదు. బయట జనం ఎదురుచూస్తున్నారన్నాడు. చూడనివ్వండి అన్నాను. నర్సు వచ్చి చూసి వెళ్లింది. లేవలేదు. మర్యాద తప్పాను. ఆ గదిలో నా గురించి ఏమనుకున్నారో అనుకోనీ!

తీశాడు. తీస్తూ మొహం మాడ్చుకున్నాడు. కుట్టేశాక మచ్చని ఇంకోసారి చూసి, ఈసారి గొంతు తగ్గించి, రేడియేషన్ పడిన చర్మంలో ఏళ్ల తర్వాత రక్తనాళాల్లో పుట్టే క్యాన్సరొకటుంది, అది కాకూడదనే కోరుకుందాం అన్నాడు. దేనితో బతికానో దానివల్లే ఇదీ వస్తుందట. ఇక ఎవరిని తిట్టను చెప్పు? కరెంటు వద్దనుంటే ఈ మచ్చ చూసేదాకా ఉండేదాన్నా? మందుని కూడా కోప్పడటానికి లేకుండా పోయింది.

ఆ ముక్క సంగతే ఇవాళ చెప్తారు.

ఏడవకే. వద్దన్నానా! తెలీదు ఇంకా. అవునో, కాదో. అయితే మళ్లీ కొయ్యాలి, ఈసారి మొత్తం తీసెయ్యాలి, అక్కడ మూసేందుకు చర్మం చాలకపోతే తొడ మీంచి తెచ్చి వేస్తారట. కాకపోతే ఇంటికెళ్లి ఏదో వండుకు తిందాం. చిన్నోడా, నువ్వు కూడానా? రా, ముందుకి జరుగు, చెయ్యివ్వు. ఎంత పెద్దదైందిరా నీ చెయ్యి!

అదిగో మీ నాన్న, పని బట్టల్లోనే వచ్చేశాడు. నాతోపాటు లోపలికి ఆయన వస్తాడు. మీరిక్కడే కూర్చోండి. ఒక పనుంది మీకు.

మీ పిన్ని కూతుళ్లకి ఫోన్ చెయ్యండి. నేను తిరిగొచ్చేదాకా ఆగొద్దు. బాగుందని తెలిస్తే చెప్పాలనిపించదు, బాగాలేదని తెలిస్తే చెప్పలేరు. ఇప్పుడే చెప్పండి. అమ్మమ్మ తిడుతుంది, తిట్టనీ. ఒట్టు వేసింది నేను, మీరు కాదు.

మొన మీద మానని పుండుంటే ముక్క తియ్యమని అడగాలని చెప్పండి. తియ్యకపోతే లేవొద్దని చెప్పండి. మీ అమ్మ ఓర్పు గలది, ధైర్యంగా పోరాడింది, అంతా తలరాత అంటారు అందరూ, ఆ పాట మీరెత్తుకోకండి. ఇన్నేళ్లయినా మీ అమ్మ కోపం తగ్గలేదని చెప్పండి. ఆ కోపాన్ని వాళ్లకివ్వండి, వాళ్ల పిల్లలకి ఇమ్మనండి.